గొఱ్ఱె కలదు, గడ్డి యేది?

నల్లమల కొండలకు తూర్పున, గుండ్లకమ్మ ప్రవహించు సీమలో, గిద్దలూరు, కంభము, మార్కాపురము ప్రాంతములు గలవు. 1970వ సంవత్సరమున ఒంగోలు ముఖ్యస్థానముగా క్రొత్త జిల్లా యేర్పడువరకు ఇవి కర్నూలు జిల్లాలోనివి. జిల్లా మారినది గాని వాన మారలేదు. కంభము చెఱువు క్రింది భూములవంటివి కొన్ని తప్ప, తక్కిన సేద్యమంతయు ఆకాశమును, అడుగంటుచున్న బోరుబావులను నమ్మినదే. పైరు ఎండిన యేట గూడ ఇల్లు కూలకుండ నిలుపునది దొడ్డిలోని ఇరువది గొఱ్ఱెలు, నాలుగు మేకలు, ఒక పాడియావు. బిడ్డ చదువునకు జీతము కట్టవలసి వచ్చినను, ఆసుపత్రికి పోవలసి వచ్చినను, ఒక పొట్టేలు సంతకు పోవును. అప్పులవాని గడప త్రొక్క నక్కఱ లేకపోవును. మెట్టసీమ పేదవానికి మంద యనునది నాలుగు కాళ్ల ధాన్యపు గాదె.

ఈ గాదె నేడు గుల్లయగుచున్నది. కారణము గొఱ్ఱె లేకపోవుట కాదు, గడ్డి లేకపోవుట. కొంతకాలము క్రిందట ఒక వృద్ధుడైన కాపరి మాయొద్దకు వచ్చెను. కంచె దాటి తోటలో మేసినవని ఆతని గొఱ్ఱెలను పట్టియుంచి, తోట యజమాని పరిహారము కోరుచుండెను. పశువులు పరుల చేలలో పడినచో బందెలదొడ్డికి తోలుటకును, నష్టము రాబట్టుటకును 1871వ సంవత్సరపు శాసన మొకటి గలదని మే మాతనికి బోధింపబోతిమి. ముసలివాడు మా మాట సాంతము విని, “అయ్యా, ఆ చట్టం నాకూ తెలుసు. మా తాత కూడా బందె కట్టినాడు. ఇప్పుడు తోట ఉన్న చోట మా ఊరి బీడు ఉండేది. ఆ బీడు ఏమయిందో ముందు చెప్పండి, ఆపైన నేను జరిమానా కడతాను” అనెను. న్యాయశాస్త్రము చదివిన మాకు ఆ ప్రశ్నకు వెంటనే ప్రత్యుత్తరము తోచలేదు. ఈ వ్యాసమునకు ఆ ప్రశ్నయే కారణము.

పేదలకు పశువుల నిచ్చు పథకములు మన తెలుగునాట కొఱతగా లేవు. రాయితీలు గలవు, బ్యాంకు ఋణములు గలవు. పొరుగున తెలంగాణమున 2017వ సంవత్సరము జూన్ నెలలో కుటుంబమున కిరువది గొఱ్ఱెలు, ఒక పొట్టేలు చొప్పున, నూటికి 75 పాళ్లు ప్రభుత్వమే భరించి పంచుట కారంభించిరి. సంకల్పము మంచిదే, కాదనము. కాని ఇచ్చట నైనను అచ్చట నైనను గొఱ్ఱెను లెక్కించిన కలము గడ్డిని లెక్కించుట లేదు. ఆ లెక్క యేమంత కఠినమైనది కాదు. మనమే వేసి చూతము.

ముప్పది కిలోల తూకముగల గొఱ్ఱెకు, ఎండు బరువున లెక్కించినచో, దినమునకు సుమారొక కిలో మేత కావలెను. ఇరువది గొఱ్ఱెలకు దినమున కిరువది కిలోలు. ఏడాదికి 7,300 కిలోలు. అనగా ఏడు టన్నులకు పైమాట. పొట్టేలును, పెరుగు పిల్లలును ఇందు చేరలేదు. ఆలన లేని మెట్టబీడు వాననీటితో హెక్టారునకు ఏటికి ఒక టన్ను ఎండుగడ్డి నిచ్చిన అది మంచి బీడే. కావున ఇరువది గొఱ్ఱెల మందకు ఏడు హెక్టారులకు పైగా, అనగా సుమారు పదునెనిమిది ఎకరముల మేత కావలెను. కోసిన చేలలోని మోడులు, జొన్నచొప్ప, తుమ్మకాయలు, రేగు, వేప, జమ్మి ఆకులు కొంత లోటు తీర్చును. ఎంత తీర్చినను, మూడెకరముల సేద్యగాడు తన సొంతభూమి మీదనే మందను పోషింపజాలడు. ఊరుమ్మడి బీడు ఆతనికి దయాభిక్ష కాదు. ఆతని సేద్యములో అది విడదీయరాని భాగము.

మన పెద్దలు ఈ సంగతి నెఱుగుదురు. ప్రతి గ్రామమునను మేత పోరంబోకు ఉండెను. పగలు మంద బీటిలో మేయును. రాత్రి కోసిన చేనిలో నిలుచును. మంద కట్టించుకొన్న రైతు కాపరికి ధాన్యమో రొక్కమో ఇచ్చును. చేనికి పెంటయు మూత్రమును దక్కును. ఎరువు బస్తాకు పోవు సొమ్ము ఊరిలోనే నిలుచును. బీడు గొఱ్ఱెను, గొఱ్ఱె చేనును, చేను మనుష్యుని పోషించెడివి. ఈ గొలుసులో మొదటి కడియము తెగినది. కొన్ని బీళ్లు పట్టాలయ్యెను. కొన్ని బలవంతుల ఆక్రమణల పాలయ్యెను. కొన్నిట జామాయిలు, సుబాబులు తోటలు లేచెను. మిగిలిన దానిని సర్కారు తుమ్మ కప్పివేయుచున్నది. దాని కాయను గొఱ్ఱె తినును, నిజమే. కాని ఆ పొదల క్రింద గడ్డి మొలవదు.

అడవి మాట చెప్పనేల? 1882వ సంవత్సరపు మద్రాసు అటవీ శాసనముతో, తరతరములుగా మందలు మేసిన కొండలు రక్షితారణ్యము లయ్యెను. మేతకు పుల్లరి యను పన్ను పడెను. మన ప్రాంతమున కుత్తరపు సరిహద్దుననున్న పలనాటిలో 1921వ సంవత్సరమున ప్రజలు ఆ పుల్లరి చెల్లింపమని నిలిచిరి. ఉన్నవ లక్ష్మీనారాయణగారు ఆ యుద్యమమున కారాగారమునకు పోయిరి. 1922 ఫిబ్రవరిలో మించాలపాడున కన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు గుఱియై ప్రాణము లర్పించెను. పశువు మేసిన గడ్డికొఱకు మనుష్యుడు మరణించిన నేల ఇది. నాడు గడ్డి యుండెను, పన్ను బరువయ్యెను. నేడు పన్ను మాట యటుండ, గడ్డియే కఱవయ్యెను.

ఇందుకు ప్రతివాదము లేకపోలేదు. మేకలును గొఱ్ఱెలును అడవి నాశనము చేయునని అటవీ శాఖవారందురు. నల్లమల నాగార్జునసాగర్-శ్రీశైలము పులుల అభయారణ్యములోనిది. 1983 నుండి వ్యాఘ్ర సంరక్షణ పథకమున చేరినది. పులి నిలువవలెనన్న జింక నిలువవలెను; జింక నిలువవలెనన్న పచ్చిక నిలువవలెను. ఊరి మందలనుండి అడవిజంతువులకు రోగములు సోకవచ్చుననుటయు సత్యమే. ఈ వాదమును త్రోసివేయుట మా యుద్దేశము కాదు. పులుల నెలవైన నడియడవిలోనికి మందలను తోలుడని మేము చెప్పము. కాని ఊరిలోని బీడు పోయినవానికి అడవి గాక వేఱు దిక్కేది? అడవి అంచున కాపరిని అదలించుటకు ముందు, ఊరి నడుమ బీడును కాపాడనివా రెవ్వరో విచారింపవలదా? ఊరిబీడు నిలిచిననే అడవి నిలుచును. పులికిని గొఱ్ఱెకును ఈ విషయమున వైరము లేదు.

చట్టమైనను మనకు ప్రతికూలముగా లేదు. 1994వ సంవత్సరపు పంచాయతీరాజ్ శాసనము 58వ సెక్షను ప్రకారము, ప్రభుత్వమునకు ప్రత్యేకముగా నవసరము లేని మేత పోరంబోకులు, కళ్లములు, పశువుల మందబయళ్లు గ్రామ పంచాయతీకి దఖలుపడును. 2011 జనవరి 28వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము జగ్‌పాల్ సింగ్ వ్యాజ్యమున, గ్రామముల ఉమ్మడి భూముల నాక్రమించినవారిని తొలగించుటకు పథకములు రచింపుడని అన్ని రాష్ట్రములను ఆదేశించినది. 2006వ సంవత్సరపు అటవీ హక్కుల శాసనము, అర్హులైన అటవీవాసులకు మేతహక్కును పేర్కొని గుర్తించినది. రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలు పశుపోషణమును, వంటచెఱకు పశుగ్రాసములను పంచాయతీల విషయములలో చేర్చినది. ఇన్ని కాగితములుండగా గడ్డి మొలవకుండుటకు కారణమేమి? అడుగువారు లేకపోవుటయే. కాపరి అడుగలేడు, అతడు సూర్యోదయముననే మందవెంట పోవును. అడుగవలసినవారు చదువరులైన మనము.

అయితే హక్కు వెంట ధర్మమును నడువవలెను. బీడు నిలుపుకొనదలచిన గ్రామము, ఆ బీడు మోయగలిగినన్ని పశువులనే తోలవలెను. బీటిని నాలుగు భాగములు చేసి, ఒకదాన మేపుచు మూటిని విడిచినచో, గడ్డి వేళ్లూని మరల లేచును. తొలివానకు మొలక కనబడగానే మందను తోలుట విత్తనపు గింజలు వండుకొని తినుటవంటిది. గట్ల మీద అవిశ, తుమ్మ, వేప నాటుట, ఎకరములో కొంత జొన్నకో సజ్జకో మేతగా విడుచుట, ముసలి గొఱ్ఱెలను, వట్టి గొఱ్ఱెలను వేసవికి ముందే అమ్మివేయుట ఇంటివాడే చేయదగిన పనులు. తెల్లని మేనిపై కన్నులచుట్టు నలుపుగల నెల్లూరు జోడిపి గొఱ్ఱె మన యెండకు పుట్టినది. మైళ్ల కొలది నడచి మేయగలది. దానికి మేడలు వలదు, సంచి దాణా వలదు. గడ్డి, నీడ, నీరు చాలును.

సహజమైన పెంపకమనగా మందు మానుట యని కొందఱు భ్రమపడుదురు. అది పొరపాటు. క్రొత్తగడ్డి మేసిన తొలకరిలో చిటుకు రోగము వచ్చి, సాయంకాలము దొడ్డి చేరిన గొఱ్ఱె ఉదయమునకు లేవదు. వానలకు ముందే టీకా వేయించిన ఆ నష్టము తప్పును. పారుడు రోగమను పి.పి.ఆర్. ను 2030 నాటికి భూమిమీదనే లేకుండ చేయవలెనని ప్రపంచ దేశములు సంకల్పించినవి. నట్టల మందును, టీకాను వేళకు పల్లెకు చేర్చుట పశువైద్య శాఖవారి విధి. మందను నిలిపి వేయించుకొనుట కాపరి విధి. గొఱ్ఱెను బయట మేపుట యెంత సహజమో, రోగమునుండి కాచుటయు నంత సహజమే.

ఇంకొక మాట. మన జిల్లా పేరు దేశదేశముల మ్రోగించినది ఒంగోలు గిత్త. బ్రెజిలు దేశమువారు ఆ జాతిని ఓడలపై గొనిపోయి, నెలోరె యను పేర పెంచి, తమ పశుసంపదలో అధికభాగముగా చేసికొనిరి. ఒంగోలు చేరువనున్న కరవది గ్రామమునుండి పోయిన గిత్త పేరు అచ్చట వంశకర్త పేరుగా నేటికిని నిలిచియున్నది. వారు మననుండి పశువును గొనిపోయిరి. దానికి విశాలమైన పచ్చిక నిచ్చిరి. అడవులు నఱికి బయళ్లు చేసిన వారి తప్పును మన మనుసరింప వలదు. కాని, పశువు కీర్తి పచ్చికలో నున్నదను పాఠము మాత్రము నేర్వదగినదే. మనకు మిగిలినవి కూడలిలో నిలిపిన గిత్త బొమ్మయు, పందెములనాటి చప్పట్లును మాత్రమేనా?

ఐక్యరాజ్యసమితి 2026వ సంవత్సరమును పచ్చిక బయళ్లకును పశుపాలకులకును అంకితము చేయనిశ్చయించి, ఆ మాట 2022లోనే ప్రకటించినది. లోకము గుర్తించిన దానిని మన గ్రామసభ గుర్తింపకుండుట యుక్తముగాదు. పఠనాలయమున ఈ పత్రిక విప్పిన సోదరులారా! మీలో పెక్కురకు పల్లెలో ఇల్లున్నది, బంధువులున్నారు. ఈసారి ఊరికి పోయినపుడు రెవెన్యూ లెక్కలు తెఱపించి, మేత పోరంబోకు ఏ సర్వే నంబరులో, ఎన్ని ఎకరములున్నదో చూడుడు. పిదప ఆ నేలమీదికి పోయి చూడుడు. కాగితమునకును నేలకును గల భేదమును వ్రాసి, గ్రామసభలో చదివి, తీర్మానము చేయించి, కలెక్టరుగారికి పంపుడు. దీనికి సత్యాగ్రహము వలదు, చెఱసాల వలదు; ఒక దినము వ్యయము, కొంచెము ధైర్యము చాలును.

ఆ వృద్ధుని గొఱ్ఱెలు రాజీమీద విడుదలయ్యెను. ఆతని ప్రశ్న మాత్రము ఇంకను విడుదల కాలేదు.