కాగితం మీద 1.6

ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. పేరూ ఊరూ బయటపెట్టవద్దన్నారు గనుక పెట్టడం లేదు. పెళ్ళయి తొమ్మిదేళ్ళు. ఒంట్లో నీరసంగా ఉందని వెళితే, ఏదో ‘పూర్తి ప్యాకేజీ’ అని నెత్తురు తీసుకుని వరసగా పరీక్షలన్నీ చేశారట. అందులో ‘హెర్పిస్ రెండో రకం, ఐజీజీ 1.6, పాజిటివ్’ అని వచ్చింది. ఆ కాగితం చూసినప్పటినుంచీ భర్త మాట్లాడడం మానేశారు. అత్తగారు కంచం, గ్లాసు వేరు పెట్టారు. “నేనే పాపమూ ఎరగను. ఈ జబ్బు నాకెలా వచ్చింది?” అని అడుగుతున్నారు.

అమ్మా, ‘వచ్చింది’ అన్న మాట దగ్గరే కాస్త ఆగుదాం. వచ్చిందని ఆ కాగితం రుజువు చెయ్యలేదు.

ఈ పరీక్ష వ్యాధిక్రిమిని వెతకదు. క్రిమిని ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసుకునే యాంటీబాడీలను వెతుకుతుంది. అవి ఉంటే రంగు తేలుతుంది. యంత్రం ఆ రంగు చిక్కదనాన్ని ఒక హద్దుతో పోల్చి అంకె వేస్తుంది. సాధారణంగా 0.9 లోపయితే లేదనీ, 1.1 దాటితే ఉందనీ, మధ్యలోది ఎటూ తేలనిదనీ లెక్క. అంకెను బట్టి జబ్బు ముదిరిందనో, ఇప్పుడే మొదలైందనో అనుకునేరు, అదేం కాదు. హద్దుకు దగ్గరగా ఉన్నకొద్దీ ఆ ‘పాజిటివ్’ను నమ్మడం కష్టం, అంతే. 3 లోపు వచ్చినదాన్ని మరో పద్ధతిలో పరీక్షించి ఖాయం చేసుకోవాలని అమెరికా ప్రభుత్వ వ్యాధి నివారణ కేంద్రం 2021లో వైద్యులకు చెప్పింది. మీది అందులో సగం.

ఎందుకు పొరబడుతుందంటారా? హెర్పిస్‌లో మొదటి రకం ఒకటుంది. జ్వరం తగిలినప్పుడు పెదవి మీద పేలే పొక్కులు దానివే. చిన్నతనంలోనే ఎవరి ముద్దువల్లనో అంటుకుంటుంది, చాలామందిలో ఉంటుంది. దాని యాంటీబాడీలు ఒక్కొక్కప్పుడు రెండో రకం పరీక్షను మోసం చేస్తాయి. (నడుము చుట్టూ వచ్చే సర్పి వేరు, దాని క్రిమి వేరు.)

ఒక చిన్న లెక్క కట్టి చూడండి. వెయ్యిమందిలో నిజంగా రెండో రకం ఉన్నవారు 50 మంది అనుకుందాం. లేనివారు 950. పరీక్ష లేనివారిలో నూటికి ఐదుగురిని పొరపాటున పట్టుకున్నా, దాదాపు 48 మంది అవుతారు. ఉన్న 50 మందీ, లేని 48 మందీ ఒకే వరసలో, ఒకే ముద్రతో నిలబడతారు! అందుకే ఏ లక్షణమూ లేనివారికి ఈ పరీక్ష వద్దని అమెరికా నివారణ వైద్య నిపుణుల సంఘం 2016లో చెప్పి, 2023లో మళ్ళీ చెప్పింది. ప్యాకేజీలో దీన్ని ఎందుకు చేర్చారో చేర్చినవారికే తెలియాలి.

మీది తప్పుడు ఫలితమేనని నేను ఒట్టువేసి చెప్పలేను. రెండో పరీక్ష కావాలి. అన్నిటిలో నమ్మదగినది వెస్టర్న్ బ్లాట్. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారిది దీనికి పేరుపొందింది. అది దొరక్కపోతే, వేరే పద్ధతి పరీక్ష ఏది వీలవుతుందో చర్మ, సుఖవ్యాధుల వైద్యుణ్ణి అడగండి. ‘ఐజీఎం’ అన్న పరీక్ష చేస్తామంటే వద్దనండి, దానితో గందరగోళమే తప్ప తేలేదేమీ లేదు. ఎప్పుడైనా పొక్కు లేస్తే, ఆరకముందే వెళ్ళి దాని నీటిని పరీక్ష చేయించండి. అంతవరకూ ఎవరో చెప్పారని మందులు మింగకండి.

ఇక మీవారికి ఒక మాట. ఈ పేజీ ఆయన కంటపడేటట్లు చూడండి. అయ్యా, రెండో పరీక్షలోనూ ఉందనే తేలిందనుకోండి. అప్పుడైనా ఎప్పుడు సోకిందో, ఎవరినుంచి సోకిందో ఏ రక్తపరీక్షా చెప్పలేదు. ఈ క్రిమి ఉన్నవారిలో చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. ఏళ్ళ తరబడి చప్పుడు చెయ్యకుండా ఉంటుంది. మీ నెత్తురు ఇంతవరకూ ఎవరూ తీసి చూడలేదు గదా! చూపించుకోమని అనడం లేదు, ఆవిడను నిలదీసేముందు ఆ సంగతి తలచుకోమంటున్నాను. వైద్యుడి దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్ళండి.

అత్తగారి సంగతి సులువు. రెండో రకం దేహసంపర్కంవల్ల అంటేదే గాని, కంచాలవల్లా గ్లాసులవల్లా అంటదు. నిజంగా ఉన్నా అంటదు. ఈ పూటే మీ కంచం తీసుకువెళ్ళి తక్కినవాటితో కలిపి బోర్లించండి.