పది అయిపోయినంక చెప్తే ఏం లాభం?



2022లో మన ఎస్టీ రిజర్వేషన్ 6 నుంచి 10 శాతం అయింది. సంబరం చేసుకున్నం, మంచిదే. కానీ ఇంటర్‌లో బయాలజీ లేని పిల్లకు మెడికల్ సీట్లల్ల ఆ 10 శాతం ఉన్నా లేనట్టే. నీట్‌కు ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ లేదా బయోటెక్నాలజీ, వాటితోపాటు ఇంగ్లీష్ చదివి ఉండాలె. మూడు సైన్సులు కలిపి మనకు 40 శాతం వస్తే అర్హత. నీట్ 720 మార్కుల్ల 360 బయాలజీవే.

ఈ ముచ్చట కీసర దిక్కు మన ఇండ్లల్ల ఎవరు చెప్తున్నరు? పది పరీక్షలు రాంగనే ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు గడప తొక్కుతరు. ఫీజు తగ్గిస్తమంటరు, బస్సుందంటరు, సీట్లు మిగిలిన గ్రూపుల పేరు రాపిస్తరు. డాక్టర్ అయితా అన్న పిల్ల సీఈసీల తేలుతది. కొందరు సార్లయితే "బైపీసీ మీకు కష్టం" అని ముందే తేల్చేస్తరు. ఎవరికి కష్టం కాదు సార్? మా పిల్లలకే ఎందుకు చెప్తరు ఆ మాట?

ఎంపీసీ చదివినోళ్ళు ఆశ వదలొద్దు. ఇంటర్ అయినంక బయాలజీని అడిషనల్ సబ్జెక్టుగా గుర్తింపు ఉన్న బోర్డుల పాసైనా నీట్ రాయొచ్చని 2023 నవంబర్‌లో జాతీయ మెడికల్ కమిషన్ చెప్పింది. సీఈసీ వాళ్ళకు ఫిజిక్స్, కెమిస్ట్రీ కూడా కావాలె. ఆ దారి చాలా పొడుగు.

ప్రతి సర్కారు బడిల, ప్రతి గిరిజన గురుకులంల జనవరిలోనే తల్లిదండ్రులను కూసోబెట్టి, వాళ్ళకు అర్థమయ్యే భాషల గ్రూపుల సంగతి చెప్పాలె. ఇది మేం అడుక్కునేది కాదు, వాళ్ళ డ్యూటీ. చెప్పేదాకా పీఆర్వోల కన్నా ముందు మనమే ఇంటింటికి పోదాం.