ఆ తెల్లపొడిని గాల్లోకి లేపకండి

చీమలకు, బొద్దింకలకు, నల్లులకు మంచి మందంటూ ఓ తెల్లపొడి బెజవాడ ఇళ్లలోకి వస్తోంది. ఫోన్లో ఆర్డరు పెడితే గుమ్మం ముందుకే తెచ్చిస్తున్నారు. దాని పేరు డయాటమేషియస్ ఎర్త్. ప్యాకెట్ మీద పచ్చటి ఆకు బొమ్మ, ‘సహజం’, ‘రసాయనాలు లేవు’ అన్న మాటలు ఉంటాయి. అవి చూసి మనవాళ్లు గుప్పెళ్లతో తీసి వంటగదిలో, మంచాల కింద, బియ్యం డ్రమ్ముల్లో చల్లుతున్నారు. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, కింద పసివాడు పాకుతూనే ఉంటాడు. దయచేసి ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి.

ముందు ఆ పొడి సంగతి. లక్షల ఏళ్ల కిందట నీళ్లలో బతికిన కంటికి కనపడని నాచుజీవులు డయాటమ్‌లు. వాటి పెంకులు అడుగున పేరుకుని మట్టయ్యాయి. అందులో అత్యధిక భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. పురుగు ఒంటి మీద మైనం లాంటి పొర ఉంటుంది. పొడి తగిలితే ఆ పొరను పీల్చేస్తుంది, గీరుతుంది కూడా. ఒంట్లో నీరు ఇగిరిపోయి పురుగు చస్తుంది. పని జరుగుతుంది గానీ గంటల్లో కాదు, రోజులు పడుతుంది. పైగా పొడి పొడిగా ఉంటేనే జరుగుతుంది.

మన ఊళ్లో చిక్కంతా అక్కడే. ఒక పక్క కృష్ణ, మరో పక్క కాలువలు. ఆషాఢం నుంచి కార్తీకం దాకా గోడలు చెమ్మగిల్లే ఊరు మనది. చెమ్మ పీల్చిన పొడి పురుగుకు తగిలినా పెద్దగా పని చేయదు. పని చేయలేదని ఇంకో గుప్పెడు వేస్తారు. కుప్పగా పోస్తే బొద్దింక దాన్ని తప్పించుకుని పక్కనుంచి పోతుంది. పురుగు బతికే ఉంటుంది, ఇంట్లో దుమ్ము మాత్రం రెట్టింపవుతుంది. ఎండ కాసి ఆ కుప్ప ఆరిందంటే చీపురు తగిలినప్పుడల్లా లేస్తుంది.

ఇంతకంటే పెద్ద ప్రమాదం సరుకులోనే ఉంది. ఈ పొడి రెండు రకాలు. గనిలోంచి తీసి ఎండబెట్టి దంచినది ఒకటి. ఈత కొలనుల నీళ్లు, నూనెలు, పానీయాలు వడకట్టడానికి కొలిమిలో కాల్చి చేసినది రెండోది. వెయ్యి డిగ్రీల దాపు వేడిలో కాల్చినప్పుడు అందులోని సిలికాలో చెప్పుకోదగ్గ భాగం స్వరూపం మారిపోయి క్రిస్టోబలైట్ అనే స్ఫటికంగా తయారవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో, కార్ఖానాల్లో పీల్చే స్ఫటిక సిలికాను మనుషులకు క్యాన్సర్ కలిగించే వాటి మొదటి వర్గంలో చేర్చింది. కాలిఫోర్నియాలోని లాంపాక్‌లో ఈ మట్టి గనుల కార్మికుల ఊపిరితిత్తులను పరిశోధకులు ఏళ్ల తరబడి గమనించారు. దుమ్ము ఎక్కువ పీల్చిన వాళ్లలో సిలికోసిస్ (సిలికా దుమ్ముతో ఊపిరితిత్తులు పాడయ్యే జబ్బు), ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎక్కువగా కనిపించాయి.

కాల్చిన రకం చాలాసార్లు మల్లెపువ్వులా తళతళలాడుతుంది. కాల్చనిది తరచుగా కాస్త బూడిద రంగులోనో లేత గోధుమ రంగులోనో ఉంటుంది. తెల్లగా ఉన్నదే శుభ్రమైనదని మనకు అలవాటు. ఈ విషయంలో ఆ అలవాటే మోసం చేస్తుంది. రంగు ఒక్కటి చూసి తేల్చుకోవద్దు గానీ, మరీ తెల్లగా ఉంటే అనుమానించండి. ప్యాకెట్ మీద ‘ఫిల్టర్ గ్రేడ్’, ‘పూల్ గ్రేడ్’, ‘క్యాల్సిన్డ్’ అని ఉంటే ఆ సరుకు ఇంట్లోకి రానివ్వకండి. స్ఫటిక సిలికా శాతం ఎంతో రాయని ప్యాకెట్ కొనకండి. విడి కవర్లలో తూచి అమ్మే పొడి అసలు ముట్టుకోకండి. పురుగు మందుగా అమ్మే సరుకుకు 1968 నాటి పురుగు మందుల చట్టం కింద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అది కనపడకపోతే దుకాణదారుణ్ణి అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు.

కాల్చని రకమైతే ఎలా చల్లినా పర్వాలేదా? లేదు. అది కూడా ముక్కుకు, గొంతుకు, కళ్లకు మంట పెడుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆయాసం తెప్పిస్తుంది. అందులోనూ కొద్దిపాటి స్ఫటిక సిలికా ఉండొచ్చు. కాబట్టి వాడితే చెంచాడు చాలు. తలుపు సందుల్లో, సింకు వెనక పగుళ్లలో, స్విచ్చు బోర్డుల కింద గీతల్లో కుంచెతో పలచగా రాయండి. కంటికి కనీ కనపడనంత పొర ఉంటే సరిపోతుంది. ఆ పని చేసేటప్పుడు ఫ్యానూ కూలరూ ఆపండి, పిల్లల్ని, ముసలివాళ్లను అవతలికి పంపండి. ముక్కుకు తువ్వాలో చున్నీయో చుట్టుకుంటే ఈ నలుసులు ఆగవు, ఎన్95 మాస్కు పెట్టుకోండి. ఎత్తేటప్పుడు చీపురు వద్దు, తడి గుడ్డతో తుడవండి. మామూలు వ్యాక్యూమ్ క్లీనర్ నలుసులను వెనకనుంచి మళ్లీ గదిలోకే ఊదేస్తుంది. పూలమొక్కల మీద చల్లకండి, తేనెటీగలు కూడా పురుగులే.

నల్లుల కోసం పరుపు మీద చల్లుకుని దాని మీదే పడుకుంటున్న హాస్టలు పిల్లలకు ఒక మాట. నాయనా, రాత్రంతా మీ ముక్కు ఆ దుమ్ముకు బెత్తెడు దూరంలో ఉంటుంది. వద్దు. మీ అమ్మమ్మలు నులక మంచాన్ని పెరట్లోకి లాక్కెళ్లి, కోళ్ల రంధ్రాల్లో సలసల కాగే నీళ్లు పోసేవారు. నల్లి వేడికి తట్టుకోలేదు. దుప్పట్లు వేడి నీళ్లలో ఉతకండి, మంచం కీళ్లలో మరిగే నీళ్లు పోయండి. పరుపు కుట్ల పగుళ్లలో నల్లి గుడ్లుంటే వార్డెన్‌కు చెప్పి లైసెన్సున్న వాళ్లను పిలిపించమనండి.

ఇక బియ్యం. బియ్యానికి ముక్కుపురుగు పడితే ఏదో ఒకటి కలపడం మన వంటిళ్లలో పాత అలవాటే. ఎండు వేపాకు వేస్తారు, వస కొమ్ములు వేస్తారు. కందిపప్పుకు ఆముదం పట్టిస్తారు. వాటి జోలికి నేను పోవడం లేదు. బోరిక్ పౌడర్ కలిపే వాళ్లను మాత్రం బతిమాలుతున్నాను, మానేయండి. అది తిండిలో పడాల్సిన సరుకు కాదు, చిన్నపిల్లలకు విషం. దాని బదులు ఈ కొత్త పొడి కలుపుదామనుకునే వాళ్లు అది తిండి సరుకులో వాడకానికి తగిన కాల్చని రకమేనా అని చూసుకోవాలి. డ్రమ్ములోకి పైనుంచి ఒంపితే కిటికీ ఎండలో ఆ నలుసులు పొగలా లేవడం మీ కంటికే కనపడుతుంది. కనపడని నలుసులే ఇంకా లోతుకు పోతాయి. నాలుగు బస్తాలు ఒకేసారి కొనడం తగ్గించండి. మూత గట్టిగా బిగిసే డ్రమ్ములో నెలకు సరిపడా పోసుకుంటే ఏ పొడీ అక్కర్లేదు. కడుపులో పురుగులు పోతాయని ఈ పొడిని మజ్జిగలో కలుపుకుని తాగమనే సలహాలు కూడా తిరుగుతున్నాయి. తాగకండి.

బియ్యం మాట వచ్చింది కనుక అసలు భయం చెప్పాలి. ఈ పొడి పని చేయలేదని విసిగి కొందరు గ్యాస్ బిళ్లల వైపు పోతున్నారు. అవి అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో చెమ్మ తగిలితే చాలు, ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతాయి. వర్షాకాలపు తేమ మన పొడిని నీరుగారుస్తుంది, ఆ బిళ్లను మాత్రం వేగిరపెడుతుంది. బియ్యం బస్తాలు పెట్టే గదిలోనే పడుకునే ఇళ్లు డెల్టాలో ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. తలుపులు మూసుకుని నిద్రపోయిన కుటుంబం తెల్లారి లేవకపోవచ్చు. వెల్లుల్లి వాసనో కుళ్లిన చేప వాసనో వస్తే అందరినీ బయటికి లాగి, 108కి ఫోన్ చేయండి. వాసన రాలేదని ధీమాగానూ ఉండకండి. ఆ విషానికి విరుగుడు మందు లేదు. 3 గ్రాముల బిళ్లలు పదో ఇరవయ్యో ఉండే చిన్న గొట్టాలను కేంద్ర ప్రభుత్వం 2001లోనే నిషేధించింది. గోదాముల్లో తెలిసిన వాళ్ల పర్యవేక్షణలో వాడాల్సిన వస్తువది. కిరాణా కొట్టు అరలో కనపడితే కొనకండి, అమ్మే అన్నకు కూడా నచ్చజెప్పండి.

మరో చిక్కు, పొడులు తారుమారు కావడం. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరీపేట మునిగాయి. నీళ్లు తీశాక వీధి వీధినా బ్లీచింగ్ చల్లారు. ఆ తర్వాత ఇళ్లలో ఎన్ని తెల్లపొడులు చేరాయో లెక్క లేదు. బ్లీచింగ్, సున్నం, బోరిక్, ముగ్గుపిండి, చీమల మందు, ఇప్పుడు ఇది. హార్లిక్స్ సీసాలో పోసి అరలో పెడితే, దీపం వెలుతురులో ఏది బియ్యప్పిండో ఎవరికి తెలుస్తుంది? ఏ పొడైనా దాని ప్యాకెట్‌లోనే ఉంచండి. పేరు చెరిగిపోతే తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. వంటగదిలో మాత్రం పెట్టకండి.

ఇక ఆటోనగర్ షెడ్ల వైపు వద్దాం. నాకు ఎక్కువ దిగులు అక్కడే. ఇంజనాయిలు ఒలికిన చోట ఈ పొడి పోస్తే నూనెను బాగా పీలుస్తుంది, అది నిజం. లోహాలకు మెరుగు పెట్టడానికి, రంగుల్లో, పుట్టీల్లో కలపడానికి కూడా పనికొస్తుంది. అయితే నూనె పీల్చిన పొడిని సాయంత్రం ఓ కుర్రాడు చీపురుతో ఊడుస్తాడు. ఆ తర్వాత కంప్రెసర్ గన్ తీసి నేల మీద ఊదుతాడు, చివర్లో అదే గన్‌తో తన బనియను మీద, జుట్టు మీద ఊదుకుంటాడు. ఆ గాలి పోటుకు లేచిన దుమ్ములో అతని ముఖం ఒక క్షణం కనపడదు. మేస్త్రి చూస్తూనే ఉంటాడు, ఎందుకంటే అందరూ చేసేదే. అయ్యా, ఆ కుర్రాడి వయసు చూడండి. ముందు నీళ్లు చిలకరించి, తడిసిన పొడిని పారతో ఎత్తించండి. కంప్రెసర్‌తో బట్టలు దులపడం ఇవాళే ఆపించండి. పెట్రోలో థిన్నరో పీల్చిన పొడి పెట్రోలులాగే అంటుకుంటుంది. దాన్ని వెల్డింగ్ చేసే చోట ఉంచకండి, మూతున్న ఇనప డబ్బాలో వేయించండి. లిన్‌సీడ్ నూనె పీల్చినదైతే నిప్పు లేకుండానే లోలోపల వేడెక్కి రాజుకోగలదు.

ఈ పొడి ఎన్నడూ కొనని వాళ్లు కూడా ఇది చదవాలి. ఊక బూడిదలో ఉండేది కూడా చాలావరకు సిలికాయే. రైసుమిల్లు బాయిలర్లలో వేడి మించితే అందులోనూ క్రిస్టోబలైట్ పుడుతుంది. మిల్లు పక్క ఊళ్లలో మేడల మీద ఆరేసిన బట్టల మీద రాలే నల్లటి నలుసు ఆ బూడిదే. దాన్ని లారీల్లోకి ఎత్తే కూలీలకు తలపాగా తప్ప అడ్డు ఉండదు. బూడిద తడపకుండా ఎత్తించొద్దని మిల్లు యజమానులను వేడుకుంటున్నాను. పరిటాల, దొనబండ వైపు కంకర క్రషర్ల దగ్గర లేచే రాతిదుమ్ము కూడా ఈ కోవలోదే.

సిలికోసిస్ ఒక్కరోజులో రాదు. పదేళ్లో ఇరవై ఏళ్లో దుమ్ము పీల్చాక బయటపడుతుంది, దుమ్ము మరీ ఎక్కువైతే ఇంకా ముందే రావచ్చు. వచ్చాక మళ్లీ మామూలు చేసే వైద్యం లేదు. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో బలపాలు కోసిన కార్మికులు నడివయసు రాకుండానే దీనితో పోయారు. ఫ్యాక్టరీల చట్టం దీన్ని తప్పక తెలియజేయాల్సిన జబ్బుల్లో చేర్చింది. ముందు పొడి దగ్గు. తర్వాత మెట్లెక్కితే ఆయాసం. ఆపై బరువు తగ్గడం, సాయంత్రాలు జ్వరం. ఈ జబ్బున్న వాళ్లకు క్షయ తేలిగ్గా అంటుకుంటుంది. కొందరికి క్షయ అని మాత్రమే చెప్పి మందులిస్తారు, అడుగున ఉన్న దుమ్ము సంగతి ఎవరూ అడగరు. అందుకే దగ్గు రెండు వారాలు దాటితే ఎక్స్‌రే తీయించుకోండి. ఈఎస్‌ఐ కార్డున్న వాళ్లకు గుణదలలోనే ఆసుపత్రి ఉంది, లేని వాళ్లు ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి: ఏ షెడ్డులో, ఏ మిల్లులో, ఎన్నేళ్లు, ఏ పొడి మధ్య పని చేశారో. ప్యాకెట్ మీది లేబుల్‌ను ఫోన్లో ఫొటో తీసుకెళ్లి చూపించండి.