జాంబీలు వస్తే మూటలో ఏమి కట్టుకోవాలి?

మొన్నటి వేసవి సెలవులకు మా మేనల్లుడు హైదరాబాదు నుంచి భద్రాచలం వచ్చాడు. ఏడవ తరగతి పూర్తి చేసినవాడు. ఒకనాటి సాయంత్రం ఇద్దరమూ గోదావరి కరకట్ట మీద కూర్చుని ఉండగా, జేబులోంచి మడత పెట్టిన కాగితం ఒకటి తీసి, "మామయ్యా, జాంబీలొస్తే మనం పట్టుకపోవాల్సిన సామాన్ల లిస్టు రాసిన. ఏమన్న మర్చిపోయిన్నా చూడు" అన్నాడు.

పన్నెండు వస్తువులున్నాయి. మొదటి ఎనిమిదీ ఆయుధాలే: తుపాకి, తూటాలు, కత్తి, గొడ్డలి, విల్లు, బాణాలు, ఇనుప కడ్డీ, క్రికెట్ బ్యాటు. మిగిలిన నాలుగు: నూడుల్స్ పొట్లాలు, బిస్కెట్లు, టార్చిలైటు, ఫోను చార్జరు. ఎదురుగా అంత గోదావరి పారుతున్నా కాగితంలో మంచినీళ్ళు లేవు. నవ్వి ఊరుకోవలసిన సంగతే గానీ, ఆ కాగితం నన్ను రెండు రోజుల పాటు వదలలేదు. అందుకే ఈ నాలుగు మాటలూ.

ఈ కథలతో పరిచయం లేని చదువరుల కోసం క్లుప్తంగా: చచ్చిన మనిషి లేచి వచ్చి బ్రతికినవాణ్ణి కరుస్తాడు, కరిపించుకున్నవాడు తానూ జాంబీ అవుతాడు. ఈ ఊహ మొదట పుట్టింది హైతీలో, చెరకు తోటల బానిసల మధ్య. చచ్చినా చాకిరి తప్పదేమోనన్న భయం దానికి మూలం. 1968లో జార్జి రొమెరో తీసిన చిత్రంతో అది మందలు మందలుగా మీద పడే శవాల కథగా మారింది. మన తెలుగులో ప్రశాంత్ వర్మ 2021లో 'జాంబీ రెడ్డి' తీసి వాటిని కర్నూలుకు తెచ్చారు. కత్తులూ కొడవళ్ళూ సిద్ధంగా ఉండే సీమ కక్షల నేపథ్యం కనుక అక్కడ ఆయుధాలకు వెతుకులాట అక్కరలేకపోయింది.

ఇదంతా పిల్లలాట అని కొట్టిపారవేయడం నా ఉద్దేశం కాదు. 2011 మే నెలలో అమెరికా ప్రభుత్వపు వ్యాధి నియంత్రణ కేంద్రమే జాంబీల ముట్టడికి సిద్ధంగా ఉండండంటూ ఒక వ్యాసం ప్రకటించింది. తుఫాను, భూకంపం అంటే వినని జనం జాంబీలంటే వింటారన్నది వారి ఉపాయం. ఆ వ్యాసంలోని జాబితా ఇది: మనిషికి రోజుకు ఒక గాలను, అంటే సుమారు నాలుగు లీటర్ల నీరు, నిలవ ఉండే తిండి, వాడుకునే మందులు, చిన్న చాకు, బ్యాటరీ రేడియో, సబ్బు, బట్టలు, దుప్పట్లు, ముఖ్యమైన కాగితాలు, గాయాలకు కట్టు సామగ్రి. తుపాకి ఊసే లేదు. ఇంటింటా తుపాకులుండే దేశంలో, జాంబీల పేరు పెట్టి వ్రాసిన జాబితాలో!

ఆ జాబితా చదివినప్పుడు నాకు అమ్మ జ్ఞాపకం వచ్చింది.

భద్రాచలంలో పుట్టి పెరిగినవారికి మూడు అంకెలు ఎక్కాల వలె నోటికి వచ్చి ఉంటాయి: 43, 48, 53. గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు వచ్చింది. మూడవ హెచ్చరిక దాటిన తరువాత మరో ఇరవై రెండున్నర అడుగులన్నమాట. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నా మటుకు నాకు ప్రళయమంటే అదే.

నీళ్ళు వీధి మలుపు తిరిగేసరికి అమ్మ పాత చీర ఒకటి నేల మీద పరిచింది. బియ్యం, ఉప్పు, చింతపండు, మూత బిగిసే స్టీలు డబ్బాలో అగ్గిపెట్టెలు, నాయనమ్మ ఆయాసం మాత్రలు, రేషను కార్డు, ఇంటి దస్తావేజు, ఒక గిన్నె, ఒక గరిటె. మూట ముడి వేసి, లాంతరు చేత పట్టుకుని బయలుదేరింది. నాన్న దూలానికి వ్రేలాడే కత్తిని తీసుకున్నారు. నేను గోటీబిళ్ళ కర్ర పట్టుకున్నాను. ఊరిలో ఎత్తున ఉన్న ఒక బడిలో చేరాము. అప్పటికే అక్కడ చాలా కుటుంబాలున్నాయి.

ఆ రాత్రి ఒక పుకారు పుట్టింది. ఖాళీ ఇళ్ళను దోచుకుంటున్న దొంగలు ఇటువైపే వస్తున్నారని. ఎవరు చూశారో, ఎవరు చెప్పారో తెలియదు. మగవాళ్ళంతా కర్రలూ కత్తులూ పట్టుకుని మెట్ల మీద కూర్చున్నారు. అర్ధరాత్రి దాటాక ఒక ఆకారం నీళ్ళలోంచి పైకి వచ్చింది. ఒళ్ళంతా బురద. తూలుతూ, చేతులు ముందుకు చాచి నడుస్తోంది. ఎవరని అరిస్తే జవాబు లేదు. నాన్న కత్తి ఎత్తారు. ఎవరో లాంతరు పైకెత్తడంతో ముఖం కనబడింది. ఆయన మా పక్కింటివారు. ప్రహరీగోడ తగాదా వల్ల మూడేళ్ళుగా మాతో మాటలు లేనివారు. చాచిన చేతులలో ఒక బిందె ఉంది. చుట్టూ అంత నీరున్నా బడిలో త్రాగడానికి చుక్క లేదని విని, తాము తలదాచుకున్న మేడ మీద కాచి చల్లార్చిన నీళ్ళు తెచ్చారు. తిన్నగా నాయనమ్మ దగ్గరకు వెళ్ళి బిందె దించారు. అప్పటికి నోట మాట రాని అలసటలో ఉన్నారు.

సినిమాలో జాంబీ నడక చూసినప్పుడల్లా నాకు ఆయనే గుర్తుకు వస్తారు.

నాన్న కత్తి ఆ తరువాత నాలుగు రోజులు బాగా పనికి వచ్చింది. వెదుళ్ళు నరకడానికి, త్రాళ్ళు కోయడానికి, ఒక పామును చంపడానికి. వరదలో పాములూ మనలాగే ఎత్తు వెతుక్కుంటాయి కదా. మనిషి మీద ఎత్తినది ఒక్కసారే. ఆ ఒక్కసారి సంగతి నాన్న తరువాత ఎప్పుడూ ఎత్తలేదు.

ఆయుధాల పట్ల నాకు చిన్నచూపు ఉందని అనుకోకండి. ఏది ఎంతవరకు పనికివస్తుందో అడవిని చూస్తే తెలుస్తుంది. తుపాకి సంగతి తీసుకుందాం. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం దానికి లైసెన్సు కావాలి. సరే, జాంబీలు వచ్చిన రోజున లైసెన్సు అడిగేవారు ఉండరనుకున్నా, తూటాలు అయిపోతే అది ఇనుప కడ్డీతో సమానం. పైగా దాని చప్పుడు మైళ్ళ దూరం పోతుంది. విల్లు మంచిదే గానీ, కోయవారి పిల్లవాడు నడక వచ్చిన నాటి నుంచీ దానితో ఆడుకుంటాడు కనుక వాడి చేతిలో అది విల్లు. నా చేతిలో వంగిన కర్ర. మిగిలినది గొడ్డలి. మన్యంలో భుజాన గొడ్డలి లేకుండా మగవాడు అడవిలో అడుగు పెట్టడు. కట్టె కొడుతుంది, దారి చేస్తుంది, గుడిసె నిలబెడుతుంది, జంతువు ఎదురైతే కాపాడుతుంది. నూటికి తొంభైతొమ్మిది సార్లు అది పనిముట్టు. కొనవలసినది అటువంటిదే.

తిండి సంగతికి వస్తే, దుమ్ముగూడెం, చర్ల వైపు పల్లెల్లో వేసవి తొలినాళ్ళలో తెల్లవారుజామునే ఇప్పపువ్వు ఏరుతారు. ఎండబెడితే నెలల తరబడి నిలవ ఉంటుంది. పాపికొండల కొండరెడ్లకు మామిడి టెంకల పిండితో అంబలి కాచుకోవడం తెలుసు. అడవి గడ్డలలో ఏది తినదగినదో, దేనిని ఎన్నిసార్లు నీళ్ళు మార్చి ఉడికిస్తే చేదు పోతుందో అక్కడి ముసలమ్మలకు తెలుసు. అంత ఇచ్చే అడవి కూడా ఉప్పు ఇవ్వదు. ఉప్పు కోసం మన్యం ఎప్పుడూ సంతకు దిగవలసిందే. కనుక ఉప్పు, అగ్గిపెట్టె మూటలో తప్పనిసరి. తరువాతది దోమతెర. ఈ ప్రాంతంలో వానాకాలం వచ్చిందంటే మనుషులను పొట్టన పెట్టుకున్నది పులీ కాదు, పామూ కాదు, మలేరియా దోమ. కరిచి మనిషిని పడవేసేది ఏదైనా ఉంటే మాకు అదే.

ఇక ఆ పిల్లవాడి కాగితం చూసినప్పుడు నన్ను కలవరపెట్టిన మాట చెబుతాను. ఆయుధాల జాబితా వ్రాయాలంటే ముందు శత్రువు కావాలి. జాంబీలో ఉన్న సౌకర్యం ఏమిటంటే, వాడు నిన్నటిదాకా మనిషే, ఇవాళ కాడు. వాడిని చంపితే పాపం లేదు, ప్రశ్న లేదు. 'వీడిక మనిషి కాడు' అని ఎవరో నిర్ణయించిన క్షణం నుంచి అన్ని ఆయుధాలకూ పని దొరుకుతుంది.

మా సరిహద్దులో ఇది ఆట కాదు. పల్లెలో వరుసగా ఇద్దరు ముగ్గురు జ్వరంతో పోతే, చేతబడి చేశాడని ఒక ముసలివాడిమీద వేలు పడుతుంది. కొట్టి చంపిన వార్తలు మా ప్రాంతపు పత్రికలలో ఎన్నిసార్లు చదివామో! చంపిన చేతులు పరాయివారివి కావు, బంధువులవే. దోమను వదిలి మనిషిని చంపడమన్నమాట. 2005లో అడవికి అటువైపు, ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ ప్రాంతంలో, సల్వాజుడుం పేరుతో ఆదివాసుల చేతికే ఆయుధాలిచ్చి ఆదివాసుల మీదికి పంపారు. ఒక వైపు తుపాకులు, మరో వైపు తుపాకులు. మధ్యలోని కుటుంబాలు సరిహద్దు దాటి ఖమ్మం జిల్లా అడవులలోకి వచ్చి గుడిసెలు వేసుకున్నాయి. వారినే మేము గుత్తికోయలంటాము. ఆయుధాలు అలా పంచిపెట్టడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులై 5న తీర్పు చెప్పింది. ఇళ్ళు వదిలి వచ్చినవారు ఆ తీర్పుతో వెనక్కు పోలేదు.

2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు చాలా ఊళ్ళవారు పొలిమేరల్లో ముళ్ళకంపలు అడ్డం వేశారు. తప్పు పట్టలేను, భయం అటువంటిది. కానీ ఆ కంపకు అవతల నిలబడినవాడు పట్నంలో పని పోయి, నడిచి నడిచి సొంత ఊరికి వచ్చినవాడు. మా నాయనమ్మకు నీళ్ళు తెచ్చిన ఆకారం లాంటివాడే. లాంతరు ఎత్తి చూసేవాడు ఒక్కడైనా ఉండాలి, అంతే.

2022 జులైలో గోదావరి మళ్ళీ 71.3 అడుగులకు వచ్చింది. 1986 తరువాత అంతటి వరద అదే. వంతెన మీద రాకపోకలు ఆపివేశారు. ఆ రాత్రి నేను కట్టిన మూటలో అమ్మ కట్టినవే ఉన్నాయి, అదనంగా ఒక ఫోను చార్జరు. మేనల్లుడి జాబితాలో ఒక్కటి సరిగా ఉందని ఒప్పుకోవలసిందే.

ఆ కాగితాన్ని మర్నాడు ఇద్దరమూ కూర్చుని దిద్దాము. తుపాకి, తూటాలు, కడ్డీ, కత్తి కొట్టివేశాడు. విల్లు కొట్టివేయడానికి మనసు ఒప్పలేదు, ఉంచమన్నాను. గొడ్డలి ఉంది. పైన నీళ్ళు చేరాయి, తరువాత ఉప్పు, అగ్గిపెట్టె, దోమతెర, అమ్మమ్మ బి.పి. మాత్రలు. చివరకు 'డోలీ' అని వ్రాయమన్నాను. అదేమిటన్నాడు. రోడ్డులేని గూడేలలో జబ్బు మనిషిని వాగు దాటించి ఆసుపత్రికి చేర్చే సాధనమని, ఒక బొంగు, ఒక దుప్పటి ఉంటే చాలునని, కాకపోతే ముందొక భుజం, వెనకొక భుజం కావాలని చెప్పాను.

వాడు కాసేపు ఆలోచించి, "ముందు నేను పట్టుకుంటా. ఎనక ఎవరు మామయ్యా?" అన్నాడు.

జాబితా అక్కడి నుంచి మొదలు కావాలని నా అభిప్రాయం. మీ వీధిలో ఆ రెండవ భుజం ఎవరిదో మీకు తెలుసునా? తెలియకపోతే, గొడ్డలి కొనడానికి ముందు ఆ ఇంటి తలుపు ఒకసారి తట్టి రండి.