వృద్ధుల మరణాలు నిజంగా పెరిగాయా? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల లెక్కల్లో అసలు మతలబు ఇదీ!

జగిత్యాల పాత బస్టాండ్ అయినా, కోరుట్ల చౌరస్తా అయినా, సిరిసిల్ల నేతన్నల వాడలైనా.. ఎక్కడ చూసినా శ్రద్ధాంజలి ఫ్లెక్సీలే. "ఇదివరకు ఇంతమంది పోయేవాళ్లు కాదు. కరోనా తర్వాత ముసలోళ్లు వరసబెట్టి పోతున్నారు" అనే మాట టీకొట్టు దగ్గర వినిపిస్తోంది. వాట్సాప్ గ్రూపుల్లో అయితే దీనికి రకరకాల కారణాలు తగిలిస్తున్నారు. ఒకరు టీకా అంటారు. ఇంకొకరు తిండి అంటారు. మరొకరు డాక్టర్ల తప్పంటారు.

మరి ఇందులో నిజమెంత? చావుల సంఖ్య పెరగడం, చావు ముప్పు పెరగడం.. ఈ రెండూ ఒకటేనా? కానే కాదు. అసలు గందరగోళమంతా ఇక్కడే మొదలవుతోంది.

ఒక ఊరి లెక్క చూద్దాం

అర్థం కావడానికి ఒక ఊరిని ఊహించుకుందాం. పదిహేనేళ్ల కింద ఆ ఊళ్లో 60 ఏళ్లు దాటినవాళ్లు 200 మంది. అందులో 175 మంది 80 ఏళ్లలోపు వాళ్లు, 25 మంది 80 దాటినవాళ్లు. ఆ ఏడాది చిన్న గుంపులో ఏడుగురు, పెద్ద గుంపులో నలుగురు పోయారు. మొత్తం 11 మంది.

ఇప్పుడు అదే ఊళ్లో పెద్దలు 300 మంది. 80లోపు వాళ్లు 200, 80 దాటినవాళ్లు 100. ఈ ఏడాది చిన్న గుంపులో ఆరుగురు, పెద్ద గుంపులో 14 మంది పోయారు. మొత్తం 20 మంది.

పైపైన చూస్తే 11 నుంచి 20కి.. దాదాపు రెట్టింపు! పోనీ రేటు చూద్దామంటే, అప్పట్లో ప్రతి వెయ్యి మంది వృద్ధులకు 55, ఇప్పుడు దాదాపు 67. అదీ పెరిగింది. కానీ వయసులవారీగా విడదీస్తే కథ తిరగబడుతుంది. 80లోపు వాళ్లలో అప్పుడు నూటికి నలుగురు పోతే, ఇప్పుడు ముగ్గురే. 80 దాటినవాళ్లలో అప్పుడు 16 మంది, ఇప్పుడు 14 మంది. అంటే ఏ వయసువాళ్లకు చూసినా ముప్పు తగ్గింది. పెరిగింది బాగా వయసు మీద పడినవాళ్ల సంఖ్య.

అందుకే నిపుణులు ఉత్త మరణాల సంఖ్యను పోల్చరు. ఒకే వయసువాళ్లను ఒకే వయసువాళ్లతో పోలుస్తారు. లేదంటే రెండు కాలాలకూ జనాభాలో వయసుల వాటా ఒకేలా ఉన్నట్టు సర్దుబాటు చేసి చూస్తారు.

కేరళ చెప్పే పాఠం

దీనికి దేశంలోనే పెద్ద ఉదాహరణ ఉంది. కేంద్రం ఏటా చేసే నమూనా నమోదు సర్వే, అంటే ఎస్‌ఆర్‌ఎస్ ప్రకారం 2020లో ప్రతి వెయ్యి మందికి మరణాలు కేరళలో 7.0, బీహార్‌లో 5.4. అంతమాత్రాన బీహార్‌లో వైద్యం కేరళ కన్నా మెరుగని ఎవరైనా అంటారా? కేరళలో పెద్ద వయసువాళ్లు ఎక్కువ. బీహార్‌లో పిల్లలు, యువకులు ఎక్కువ. తేడా అక్కడే వచ్చింది.

దేశం మొత్తం చూస్తే దీర్ఘకాలంలో మార్పు మంచివైపే ఉంది. 1970-75 మధ్య 60 ఏళ్లకు చేరినవాళ్లు సగటున ఇంకో 13.8 ఏళ్లు బతికేవాళ్లు. 2023లో వచ్చిన భారత వృద్ధాప్య నివేదిక ప్రకారం అది 18.3 ఏళ్లకు చేరింది. ఆడవాళ్లకు 19, మగవాళ్లకు 17.5.

అయితే కరోనా ప్రభావం లేదా?

ఉంది. 2021లో జరిగింది కళ్లముందు కనిపించిన నిజం. దేశంలో నమోదైన మరణాలు 2020లో 81 లక్షలైతే, 2021లో 1.02 కోట్లు. ఎస్‌ఆర్‌ఎస్ మరణాల రేటు కూడా 2020లో 6.0 ఉంటే 2021లో 7.5కి ఎగబాకింది. తర్వాత 2022లో 6.8కి, 2023లో 6.4కి దిగింది.

ఇక్కడే ఇంకో చిక్కు. 2021తో పోలిస్తే మరణాలు తగ్గాయని చెప్పొచ్చు. 2020తో పోలిస్తే పెరిగాయని చెప్పొచ్చు. అంకెలు అవే, మొదలుపెట్టే ఏడాది మారితే వార్త మారిపోతుంది. కాబట్టి ఒక్క ఏడాదితో పోల్చి చెప్పే మాటను అనుమానంగానే చూడాలి. కనీసం నాలుగైదేళ్ల సగటు ముందుంచాలి.

మన జిల్లాల్లో లెక్క ఎందుకు తేలట్లేదు?

జగిత్యాల, రాజన్న సిరిసిల్ల.. రెండూ 2016 అక్టోబర్ 11న పాత కరీంనగర్ నుంచి విడిపోయి పుట్టిన జిల్లాలు. కోరుట్ల జగిత్యాల జిల్లాలోకి వచ్చింది. చివరి జనగణన జరిగింది 2011లో. ఆ లెక్కలను కొత్త హద్దులకు సర్దితే జగిత్యాల జనాభా 9.85 లక్షలు, సిరిసిల్ల 5.52 లక్షలు. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది. అంటే ఈ జిల్లాల్లో 70 దాటినవాళ్లు, 80 దాటినవాళ్లు ఎంతమందో చెప్పే తాజా లెక్కే లేదు. కింద భాగహారం చేయాల్సిన సంఖ్య లేకుండా రేటు ఎలా వస్తుంది? ఎస్‌ఆర్‌ఎస్ చూద్దామంటే అది రాష్ట్ర స్థాయి వరకే.

దీనికి వలస తోడైంది. కోరుట్ల, మెట్‌పల్లి వైపు ఇంటికో మనిషి దుబాయ్, మస్కట్ బాట పట్టాడు. సిరిసిల్ల నేతన్నలకు భీవండి, సూరత్, షోలాపూర్ వలసలు తాతల కాలం నుంచీ ఉన్నాయి. వయసులో ఉన్నవాళ్లు బయట, బీడీలు చుట్టిన అవ్వలు, మగ్గం నడిపిన తాతలు ఊళ్లో. అప్పుడు ఊరి మరణాల రేటు దానంతట అదే ఎక్కువగా కనిపిస్తుంది.

చావు ఎక్కడ జరిగితే అక్కడే నమోదు

ఇది చాలామందికి తెలియని సంగతి. మన చట్టం ప్రకారం మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది. కోరుట్ల పెద్దాయన కరీంనగర్ ఆస్పత్రిలో కన్నుమూస్తే ఆ లెక్క కరీంనగర్ ఖాతాలోకి పోతుంది. హైదరాబాద్‌లో పోతే హైదరాబాద్ ఖాతాలోకి.

ఇప్పుడు ఇంకో కోణం చూడండి. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. ఒకప్పుడు కరీంనగర్‌కు పరుగెత్తిన సీరియస్ కేసుల్లో కొన్ని ఇక్కడే చేరితే, ఇక్కడ నమోదయ్యే మరణాలూ పెరుగుతాయి. వైద్యం దగ్గరికొచ్చిన పాపానికి జిల్లాలో చావులు పెరిగాయన్న మాట పడుతుంది!

పింఛను జాబితాతో పోల్చినా అదే పొరపాటు. ఆసరా వృద్ధాప్య పింఛను వయసును 65 నుంచి 57కి తగ్గించి, 2022 ఆగస్టు నుంచి కొత్త పింఛన్లు ఇచ్చారు. జాబితా పెద్దదైంది, సగటు వయసు తగ్గింది. అంతకుముందు జాబితాలోంచి తీసేసిన పేర్లను, ఆ తర్వాత తీసేసిన పేర్లను పక్కపక్కన పెడితే తప్పుడు లెక్కే వస్తుంది.

ఇక వయసు సంగతి సరేసరి. పుట్టినరోజు తెలియని పెద్దలకు ఆధార్‌లో అంచనా వయసే పడింది. రైతు బీమా 59 ఏళ్ల వరకే వర్తిస్తుంది. పింఛనుకు 57 దాటాలి. కాగితం మీది వయసుకు ఇంత విలువ ఉన్నప్పుడు ఆ వయసు ఎంత నిక్కచ్చిగా ఉందన్నది కూడా ప్రశ్నే.

తేలితే ఎవరికి లాభం?

ఇది కేవలం అంకెల గొడవ కాదు. భయం మాట నమ్మి ఒక పెద్దావిడ బీపీ మాత్ర మానేస్తే ప్రాణం మీదికొస్తుంది. అలాగని అంతా బాగుందని కొట్టిపారేస్తే, నిజంగా పెరుగుతున్న ముప్పు కనపడకుండా పోతుంది. వేసవిలో వడదెబ్బ, మగ్గాల దుమ్ములో, పొగాకు గాటులో గడిపిన ఊపిరితిత్తులు, పిల్లలు దూరంగా ఉండటంతో ఆస్పత్రికి తీసుకెళ్లే దిక్కు లేకపోవడం.. వీటిలో ఏది ఎంతమందిని తీసుకుపోతోందో తెలియాలంటే కారణం రాయాలి. కానీ 2021లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టర్ ధ్రువీకరించిన కారణం ఉన్నవి 23.4 శాతమే. ఇంట్లో పోయిన పెద్దల విషయంలో "వయసైపోయింది" అన్న ఒక్క మాటతో సరి.

దారి లేదా అంటే ఉంది. మరణ నమోదు ఫారంలో చనిపోయిన వ్యక్తి నివాస ఊరు పేరు రాసే గడి ఇప్పటికే ఉంది. దాని ప్రకారం లెక్క తీస్తే కరీంనగర్‌లో నమోదైన కోరుట్ల మరణం కోరుట్లకే వస్తుంది. 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టుకున్న జనగణన పూర్తయితే వయసులవారీ జనాభా చేతికొస్తుంది. ఈ రెండూ కలిపితే అసలు రేటు తేలుతుంది.

కుటుంబాలు చేయాల్సింది కూడా ఒకటుంది. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. వయసు, నివాస ఊరు, తెలిసినంతలో జబ్బు సరిగ్గా రాయించాలి. వితంతు పింఛనుకైనా, భూమి విరాసత్‌కైనా ఆ కాగితమే ఆధారం.

అప్పటిదాకా "మా ఊళ్లో చావులు పెరిగాయి" అని ఎవరైనా అంటే తిరిగి మూడే ప్రశ్నలు వేయాలి. ఏ వయసువాళ్లలో? ఎంతమందిలో? ఏ ఏడాదితో పోలిస్తే? వీటికి జవాబు లేని మెసేజ్‌ను ఫార్వర్డ్ చేయకపోవడమే మేలు.