మందు మోతాదు లెక్కలో అంకెల సవరణ

పిచికారీ ద్రావణపు గాఢతను లెక్కించే సూత్రం వ్యవసాయ విద్యార్థులందరికీ తెలిసినదే. వచ్చిన విలువను సమీప అంకెకు ఎప్పుడు, ఎంతవరకు సవరించాలన్న విషయానికి మాత్రం తరగతిలో తగిన ప్రాధాన్యం లభించడం లేదు. సిఫారసు సరైనదే అయినా పొలంలో మోతాదు తప్పడానికి ఇది కారణం కాగలదు.

పెండిమిథాలిన్ 30 శాతం ఇ.సి.ని హెక్టారుకు ఒక కిలో క్రియాశీల పదార్థం చొప్పున వాడాలంటే, వాడుకలోని లెక్క ప్రకారం 3.333 లీటర్ల మందు అవసరం. హెక్టారుకు 2.471 ఎకరాలు కనుక ఎకరాకు 1.35 లీటర్లు. ఇదే లెక్కలో 3.333ను ముందే 3గా, 2.471ను 2.5గా సవరిస్తే ఎకరాకు 1.2 లీటర్లే వస్తుంది. మోతాదు 11 శాతం తగ్గినట్లే. కలుపు అదుపు కాకపోతే నింద మందుపై పడుతుంది. అందుచేత మధ్య దశల్లో దశాంశాలను నిలిపి ఉంచి, చివర ఒక్కసారే సవరించాలి.

చివరి సవరణకూ హద్దు ఉంది. మెట్‌సల్ఫ్యూరాన్ మిథైల్ 20 శాతం పొడి మందును హెక్టారుకు 4 గ్రాముల క్రియాశీల పదార్థం చొప్పున వాడితే ఎకరాకు 8 గ్రాములు చాలు. ఎకరాకు 200 లీటర్ల ద్రావణాన్ని 16 లీటర్ల ట్యాంకుతో పిచికారీ చేస్తే 12.5 ట్యాంకులు, ట్యాంకుకు 0.64 గ్రాము. దీనిని ఒక గ్రాముగా సవరిస్తే మోతాదు 56 శాతం పెరుగుతుంది. పెండిమిథాలిన్‌లో ట్యాంకుకు వచ్చే 108 మి.లీ.ను 110గా సవరించినా తేడా 2 శాతం లోపే. కాబట్టి ఎన్ని దశాంశాలు వదిలామన్నది కాక, మోతాదు ఎంత శాతం మారిందన్నదే ప్రమాణం కావాలి.

నడక వేగం, నాజిల్ అరుగుదల వల్ల పొలంలో ఎలాగూ తేడా వస్తుంది కదా, ఇంత సూక్ష్మత ఎందుకని కొందరు ప్రశ్నించవచ్చు. తప్పించలేని ఆ తేడాకు తప్పించగల తేడాను జోడించడం సమర్థనీయం కాదు.

రైతు 0.64 గ్రామును తూచలేడన్నది వాస్తవం. అయితే 8 గ్రాముల మందును నీటిలో కలిపి 2.5 లీటర్ల మూల ద్రావణంగా చేసి, దానిని కలియబెడుతూ ట్యాంకుకు 200 మి.లీ., చివరి సగం ట్యాంకుకు 100 మి.లీ. చొప్పున కొలిచి పోయవచ్చు. విస్తరణ శాస్త్రవేత్తలు కరపత్రాల్లో హెక్టారు మోతాదుతో ఆపక, ఇలా కొలవగలిగిన రూపంలో సిఫారసును అందించాలి. పరీక్షల్లోనూ తుది జవాబుతోపాటు, దానిని అలా సవరించడానికి విద్యార్థి చూపిన కారణానికీ మార్కులు కేటాయించాలి.