ఫిజీ టూర్ ప్లాన్ చేస్తున్నారా? భయపెడుతున్న వార్తలు ఒకవైపు.. అసలు జాగ్రత్తలు మరోవైపు!

నీలి సముద్రం, తెల్లటి ఇసుక, కొబ్బరి చెట్లు.. ఫిజీ వీడియోలు చూస్తే ఎవరికైనా బ్యాగ్ సర్దుకోవాలనిపిస్తుంది. పైగా భారతీయ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు టూరిస్టులుగా వెళ్లడానికి ముందుగా వీసా కోసం తిరగాల్సిన పని లేదు. కానీ అదే ఫిజీ గురించి వార్తలు వెతికితే హెచ్‌ఐవీ, డెంగ్యూ, తుఫాన్లు, కాక్‌టెయిల్ తాగి ఆస్పత్రి పాలైన టూరిస్టులు.. ఇవే కనిపిస్తాయి. మరి వెళ్లాలా, వద్దా? వెళ్లొచ్చు. కాకపోతే దేనికి భయపడాలో, దేనికి అక్కర్లేదో ముందు తేల్చుకోవాలి.

హెడ్‌లైన్ పెద్దది.. టూరిస్టుకు ముప్పు చిన్నది

2025 జనవరిలో ఫిజీ ప్రభుత్వం దేశంలో హెచ్‌ఐవీ వ్యాప్తిని అధికారికంగా ప్రకటించింది. 2024లో 1,583 కొత్త కేసులు బయటపడ్డాయి. తొమ్మిది లక్షల పైచిలుకు జనాభా ఉన్న దేశానికి ఇది చాలా పెద్ద సంఖ్య. మెథాంఫెటమైన్ లాంటి డ్రగ్స్‌ను ఒకే సూదితో పంచుకోవడం ప్రధాన కారణాల్లో ఒకటి. డ్రగ్ ఎక్కించుకున్న వ్యక్తి రక్తాన్నే మరొకరు ఎక్కించుకునే ‘బ్లూటూతింగ్’ అనే పద్ధతి గురించి కూడా ప్రపంచమంతా చర్చ జరిగింది.

అలాగని హోటల్లో తింటేనో, బీచ్‌లో ఈదితేనో, పక్కన కూర్చుంటేనో హెచ్‌ఐవీ రాదు. ఊరూపేరూ లేని చోట టాటూ వేయించుకోవద్దు, ఇంజెక్షన్ అంటే కొత్త సూది కళ్ల ముందే విప్పాలి, లైంగిక సంబంధాల్లో కండోమ్ తప్పనిసరి. ఇక్కడ పాటించాల్సిన జాగ్రత్తలే అక్కడా.

కాక్‌టెయిల్ కథ కూడా ఇలాంటిదే. 2024 డిసెంబర్‌లో కోరల్ కోస్ట్‌లోని ఒక రిసార్ట్‌లో ఏడుగురు ఆస్పత్రి పాలయ్యారు. అంతకు కొన్ని వారాల ముందే లావోస్‌లో కల్తీ మద్యం తాగి ఆరుగురు టూరిస్టులు చనిపోవడంతో ఇక్కడా మిథనాలే అన్న అనుమానాలు గుప్పుమన్నాయి. తర్వాత పరీక్షల్లో మిథనాల్ లేదని ఫిజీ ప్రభుత్వం ప్రకటించింది. మొదటి వార్త చేరినంత దూరం రెండోది చేరలేదు.

మన సెలవులు.. వాళ్ల తుఫాన్లు

అసలు సమస్య క్యాలెండర్‌లో ఉంది. ఫిజీలో నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా వానాకాలం, అదే తుఫాన్ల సీజన్. అంటే మనవాళ్లు క్రిస్మస్, సంక్రాంతి సెలవులకు టికెట్లు బుక్ చేసుకునే రోజులన్నీ సరిగ్గా అందులోనే పడతాయి. 2016 ఫిబ్రవరి 20న విరుచుకుపడిన విన్‌స్టన్ తుఫాన్‌లో 44 మంది చనిపోయారు. తుఫాన్ వస్తే విమానాలు ఆగిపోతాయి, దీవుల మధ్య పడవలు ఆగిపోతాయి. చిన్న దీవిలో ఉన్నవాళ్లు రోజుల తరబడి అక్కడే ఇరుక్కుపోవచ్చు. మే నుంచి అక్టోబర్ దాకా వాతావరణం పొడిగా, చల్లగా ఉంటుంది. మన వేసవి సెలవుల్లో వెళ్లడమే మేలు.

దోమల ఉద్ధృతి కూడా ఆ వానల్లోనే. 2025లో ఫిజీతో పాటు సమోవా, టోంగా, కుక్ దీవుల్లో డెంగ్యూ విజృంభించింది. ‘డెంగ్యూ మనకు కొత్తా?’ అని తేలిగ్గా తీసుకోవద్దు. డెంగ్యూ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఇక్కడ ఒకసారి వచ్చి తగ్గినవాళ్లకు అక్కడ మరో రకం సోకితే జబ్బు తీవ్రమయ్యే ప్రమాదం ఎక్కువ. అంటే గతంలో డెంగ్యూ వచ్చినవాళ్లే ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. డెంగ్యూ దోమ పగలే కుడుతుంది కాబట్టి పగలు కూడా ఒంటికి రిపెల్లెంట్ రాసుకోవాలి. జ్వరం వస్తే పారాసిటమాల్ తప్ప ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ జోలికి వెళ్లొద్దు. ఒక ఊరట ఏంటంటే.. ఫిజీలో మలేరియా లేదు. అదే పక్కనున్న వనువాటు, సోలమన్ దీవులకు కూడా వెళ్తుంటే మాత్రం మలేరియా గురించి డాక్టర్‌ను అడగాల్సిందే.

వరద నీళ్లలో దిగితే లెప్టోస్పైరోసిస్, కలుషిత నీళ్లు తాగితే టైఫాయిడ్ వచ్చే అవకాశం ఉంది. కాళ్లకు పుండ్లు, గాట్లు ఉంటే బురద నీటికి దూరంగా ఉండండి. ఇంకోటి చేపలు. పగడపు దిబ్బల దగ్గర దొరికే బరాకుడా, గ్రూపర్ లాంటి పెద్ద చేపల్లో ‘సిగ్వాటెరా’ అనే విషం ఉండొచ్చు. ఎంత వండినా, ఎంత వేయించినా అది పోదు.

ఆస్పత్రి ఎంత దూరం?

ఫిజీలో మూడు వందలకు పైగా దీవులున్నాయి. పెద్ద ప్రభుత్వ ఆస్పత్రులు సువా, లౌటోకా, లంబాసా పట్టణాల్లో ఉన్నాయి. దూరపు దీవిలో గుండెపోటు వస్తేనో, ఈతలో ప్రమాదం జరిగితేనో ముందు పడవో, చిన్న విమానమో దొరకాలి. పరిస్థితి విషమిస్తే ఆస్ట్రేలియాకో, న్యూజిలాండ్‌కో తరలించాలి. ఆ ఖర్చు లక్షల్లో ఉంటుంది.

అందుకే ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ప్రీమియం ఒక్కటే చూడకండి. ఎయిర్ అంబులెన్స్ ఖర్చు ఇస్తారా? బీపీ, షుగర్ లాంటి పాత జబ్బులకు వర్తిస్తుందా? స్కూబా డైవింగ్‌కు కవర్ ఉందా? ఈ మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే ఇది మరీ ముఖ్యం. డైవింగ్ చేశాక కనీసం 18 నుంచి 24 గంటలు విమానం ఎక్కొద్దు. సముద్రంలో ప్రవాహం లోపలికి లాగుతుంటే ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కకండి. అత్యవసరమైతే అంబులెన్స్‌కు 911, పోలీసులకు 917, ఫైర్ సర్వీస్‌కు 910. సువాలో భారత హైకమిషన్ ఉంది.

మనం మోసుకెళ్లే ముప్పు మాటేంటి?

సాధారణంగా ఎవరూ మాట్లాడని విషయం ఇది. దీవులకు రోగాలు చాలాసార్లు బయటి నుంచే వచ్చాయి. 1875లో ఓడ మీద వచ్చిన తట్టు ఫిజీలో దాదాపు 40 వేల మందిని, అంటే సుమారు నాలుగో వంతు జనాన్ని బలి తీసుకుంది. అలా చితికిపోయిన ఫిజియన్లను తోటల పనికి పంపకూడదని బ్రిటిష్ గవర్నర్ నిర్ణయించి, 1879 నుంచి భారత్ నుంచి కూలీలను రప్పించాడు. 1916 దాకా సుమారు 60 వేల మంది వెళ్లారు. 1903 నుంచి మద్రాసు ఓడల్లో వెళ్లినవాళ్లలో విశాఖపట్నం, గోదావరి, కృష్ణా జిల్లాల తెలుగువాళ్లూ ఉన్నారు. ఈ రోజుకీ అక్కడ ఆంధ్ర సంఘం ఉంది. ఒక రకంగా ఆ తట్టు లేకపోతే ఫిజీలో తెలుగు పేర్లు ఉండేవే కావేమో!

ఇది పాత కథే అనుకుంటే పొరపాటు. 2018లో సమోవాలో టీకా కలపడంలో జరిగిన పొరపాటుతో ఇద్దరు పసిపిల్లలు చనిపోయారు. దాంతో జనం టీకాలంటేనే జడిశారు. మరుసటి ఏడాది బయటి నుంచి తట్టు వచ్చింది. 83 మంది చనిపోయారు, వాళ్లలో ఎక్కువ మంది ఐదేళ్ల లోపు పిల్లలే. మన దగ్గర తట్టు పూర్తిగా పోలేదు. ప్రయాణానికి ముందు ఇంట్లో అందరికీ ఎంఆర్ టీకా రెండు డోసులు పడ్డాయో లేదో చూసుకోవడం మన కోసమే కాదు, అక్కడి పిల్లల కోసం కూడా.

వెళ్లే ముందు ఈ పనులు మర్చిపోకండి

నాలుగైదు వారాల ముందే డాక్టర్‌ను కలిసి తట్టు, టైఫాయిడ్, హెపటైటిస్-ఎ టీకాల గురించి అడగండి. రోజూ వాడే మందులు ప్రిస్క్రిప్షన్‌తో సహా హ్యాండ్ బ్యాగ్‌లోనే పెట్టుకోండి. పచ్చళ్లు, స్వీట్లు, పొడులు తీసుకెళ్తే ఎయిర్‌పోర్ట్ ఫారంలో తప్పక రాయండి. బయోసెక్యూరిటీ తనిఖీలు అక్కడ గట్టిగా ఉంటాయి.

చివరగా.. తిరిగొచ్చిన నెల రోజుల్లోపు జ్వరం వస్తే ‘ఫిజీ వెళ్లొచ్చాను’ అని డాక్టర్‌కు మీరే చెప్పండి. ఆయన అడిగేదాకా ఆగొద్దు. లెప్టోస్పైరోసిస్, టైఫాయిడ్ బయటపడటానికి వారాలు పట్టొచ్చు. సాధారణ వైరల్ ఫీవర్ అనుకుని పోగొట్టుకునే ఆ రెండు మూడు రోజులే ఒక్కోసారి ప్రాణం మీదకు తెస్తాయి.